చెడు కబురు ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి: విదేశీ బయ్యర్లతో పని మొదలుపెట్టిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: ఎంబీఏ అయ్యాక సింగరాయకొండ దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఎక్స్‌పోర్ట్ సెక్షన్‌లో చేరావు, వచ్చే నెల జపాన్ బయ్యర్ తరఫున ఆడిట్ (ప్లాంట్ తనిఖీ) ఉంది, ఈలోపు అమెరికా, నెదర్లాండ్స్ వాళ్లతో కాల్స్ కూడా నీ మీద పడ్డాయి. కాలేజీలో హాఫ్‌స్టెడ్ స్కోర్లు (ఒక్కో దేశం పద్ధతులకు అంకెల్లో ఇచ్చిన కొలతలు), దేశదేశాల సంస్కృతుల తేడాలు అన్నీ చదివావు. మీ మేనేజర్ మాత్రం "వాళ్లకి కావాల్సింది సరుకు, ధర, అంతే, ఈ కల్చర్ గోల మనకెందుకు" అన్నాడు. ఎవరి మాట నిజం, వంగి నమస్కారం పెట్టడం, విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వడం లాంటివి ప్రాక్టీస్ చెయ్యాలా, జపనీస్ నేర్చుకోవాలా అని అడిగావు.

నేను నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొయ్యల ఎగుమతిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, మొదట ప్లాంట్‌లో క్వాలిటీ సెక్షన్, ఆ తర్వాత బయ్యర్లతో మాట్లాడే పని. మా బావది చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం కాబట్టి ఆ వైపు సంగతులు కూడా దగ్గర్నుంచి చూశాను.

సూటిగా చెప్తాను. మీ మేనేజర్ మాట తప్పు. 1998లో జర్మనీ డైమ్లర్ బెంజ్, అమెరికా క్రైస్లర్ కలిసిపోయాయి, రెండూ పెద్ద కంపెనీలు, డబ్బుకి, తెలివితేటలకి కొదవలేదు, అయినా 2007కల్లా విడిపోయాయి. ఎందుకు విడిపోయాయంటే చెప్పే కారణాల్లో రెండు వైపుల పని పద్ధతులు పొసగకపోవడం ప్రతిసారీ ఉంటుంది. అయితే నువ్వు భయపడుతున్న చోట కూడా అసలు సమస్య లేదు. కార్డు ఒంటిచేత్తో ఇచ్చావని ఏ జపాన్ బయ్యరూ కంటైనర్ ఆర్డర్ రద్దు చెయ్యడు. మనం పరాయి దేశం వాళ్లమని వాళ్లకూ తెలుసు, మర్యాదగా ఉండాలని చూస్తున్నామని కనపడితే చాలు, ఆ పద్ధతులన్నీ ఒక పూటలో వచ్చేస్తాయి. డబ్బు పోయేది వేరే చోట. పనిలో తేడా జరిగినప్పుడు ఆ సంగతి ఎవరు చెప్తారు, ఎవరికి చెప్తారు, ఎంత తొందరగా చెప్తారు, నోటితోనా కాగితం మీదా, అక్కడ. ఈ వ్యాపారంలో నేను చూసిన పెద్ద నష్టాల్లో చాలావరకు సరుకు పాడైన సంగతి ఆలస్యంగా బయటపడటం వల్ల వచ్చినవే.

మన దగ్గర పద్ధతి నీకు తెలియంది కాదు, పెద్దాయన ముందు చెడ్డమాట ఎవరూ ఎత్తరు. కోల్డ్ స్టోరేజ్‌లో టెంపరేచర్ మైనస్ 18 ఉండాల్సింది మైనస్ 12కి వచ్చిందనుకో, ఆపరేటర్ ఎవరికీ చెప్పకుండా ముందు తనే బాగుచేద్దామని చూస్తాడు, సూపర్‌వైజర్‌కి తెలిసినా మేనేజర్ భోజనం అయ్యేదాకా ఆగుతాడు, మేనేజరేమో "సార్ ఇవాళ అసలే టెన్షన్‌లో ఉన్నారు, రేపు చూద్దాం" అంటాడు, ఓనర్ చెవిన పడేసరికి బయ్యర్‌కి చెప్పాల్సిన టైమ్ దాటిపోయి ఉంటుంది. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరు. పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టకూడదు, నలుగురిలో ఎవరి పరువూ తియ్యకూడదు, ఊరికే సమస్య మోసుకుని వెళ్లకూడదు అని చిన్నప్పటి నుంచి ఇంట్లో నేర్చుకున్నదే అక్కడా చేస్తున్నారు. ఇంట్లో ఆ పద్ధతికి విలువ ఉంది, నేను కాదనను. నాన్నకి బీపీ ఉంటే చెరువులో రొయ్య చచ్చిపోయిన సంగతి మెల్లగా చెప్తాం. కానీ ఎక్కడో ఒసాకాలోనో రోటర్‌డామ్‌లోనో కూర్చున్న మనిషికి మన ఇంటి పద్ధతి కనపడదు. వీళ్లు దాచారు అన్నదొక్కటే కనపడుతుంది, ఆ తర్వాత నువ్వు చెప్పే ఏ మాటా నమ్మడు.

ఒక ప్లాంట్‌లో జరిగింది చెప్తాను, పేరు అనవసరం. ప్యాకింగ్ హాల్లో మెటల్ డిటెక్టర్ ఉంటుంది కదా, కొంతకొంత సేపటికి టెస్ట్ పీస్ (చిన్న లోహపు ముక్క) వేసి అది మోగుతుందో లేదో చూసి షీట్‌లో రాయాలి, మోగకపోతే లైన్ ఆపి, కిందటి చెక్ తర్వాత వెళ్లిన కార్టన్లన్నీ వెనక్కి తెచ్చి మళ్లీ పంపాలి. జపాన్ నుంచి వచ్చిన ఆడిటర్ మెషిన్ చూశాడు, షీట్లు తిరగేశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్లాంట్ మేనేజర్ పక్కనే నిలబడి సమాధానాలు చెప్తున్నాడు. ఆడిటర్ ఉన్నట్టుండి మేనేజర్‌ని వదిలేసి బెల్టు దగ్గరున్న అమ్మాయి వైపు తిరిగి, ఇంటర్‌ప్రెటర్ ద్వారా "ఇది మోగకపోతే నువ్వేం చేస్తావు" అని అడిగాడు. ఆ అమ్మాయికి సమాధానం తెలుసు, రోజూ చేసే పనే. కానీ నోరు మెదపకుండా సూపర్‌వైజర్ వైపు చూసింది, సూపర్‌వైజర్ మేనేజర్ వైపు చూశాడు, మేనేజర్ అందుకుని గడగడా చెప్పేశాడు. చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఆడిటర్ తల ఊపి ఏదో రాసుకున్నాడు. రిపోర్ట్ వచ్చాక చూస్తే మెషిన్ గురించి ఒక్క మాట లేదు, లైన్ ఆపే అధికారం తమకుందని పనివాళ్లు నమ్ముతున్నట్టు లేదు అన్నది మాత్రం పెద్ద అంశంగా రాశారు. మేనేజర్‌కి కోపమొచ్చింది, మన ఆడపిల్లలు కొత్త మగవాళ్లతో మాట్లాడరు, వాళ్లకేం తెలుసు అన్నాడు. అదీ నిజమే, ఆడిటర్ చూసిందీ నిజమే. రాత్రి షిఫ్ట్‌లో మెషిన్ మోగనప్పుడు, లోడింగ్‌కి కంటైనర్ బయట ఎదురుచూస్తున్నప్పుడు, ఆ అమ్మాయి "ఆపండి" అనగలదా అన్నదే ఆయన వెతికింది.

ఇది మనకొక్కళ్లకే ఉన్న జబ్బు అనుకోవద్దు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ వాళ్ల కార్ల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది, గొడవలు, గైర్హాజరీలు, నాసిరకం పనితో పేరు పోగొట్టుకుని 1982లో మూతపడింది. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి దాన్నే నుమ్మీ అనే పేరుతో తెరిచాయి, తీసుకున్న పనివాళ్లలో ఎక్కువమంది పాతవాళ్లే, యూనియన్ కూడా పాతదే. లైన్ పక్కన ఒక తాడు కట్టారు, ఎవరికి తేడా కనపడినా లాగొచ్చు, సమస్య తేలకపోతే లైన్ ఆగుతుంది. అంతకుముందు ఆ పనివాళ్లకు లైన్ ఆపడమంటే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే, ఇప్పుడు తాడు లాగితే టీమ్ లీడర్ వచ్చి తిట్టకుండా సాయం చేసేవాడు. కొద్దికాలంలోనే అక్కడి కార్ల నాణ్యత జపాన్‌లో తయారైన వాటికి దగ్గరగా వచ్చింది. ఇప్పుడు టెస్లా కార్లు చేసేది ఆ ఫ్యాక్టరీలోనే. సంస్కృతి రక్తంలో ఉంటుంది, మనవాళ్లు మారరు అని చేతులెత్తేసే ప్రతి మేనేజర్‌కీ నేను ఈ సంగతి చెప్తాను. చెడు కబురు మోసుకొచ్చినవాడికి ఏం జరుగుతుందో నాలుగు రోజులు చూస్తే చాలు, ఏ దేశంలో మనిషైనా దాన్నిబట్టే నడుచుకుంటాడు.

హాఫ్‌స్టెడ్ స్కోర్ల సంగతి. ఆయన నెదర్లాండ్స్ పరిశోధకుడు, ఆ లెక్కలకు పునాది 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగుల మీద జరిగిన సర్వేలు. పైవాడికీ కిందివాడికీ మధ్య దూరంలో (అంకె పెద్దదైతే దూరం ఎక్కువ) మనకు 77, జపాన్‌కు 54, అమెరికాకు 40, జర్మనీకి 35. ఏం జరుగుతుందో తెలియని పరిస్థితిని తట్టుకోలేకపోవడంలో జపాన్‌కు 92, మనకు 40. పనికిరావని నేననను. ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే మెటల్ డిటెక్టర్ దగ్గర ఏం జరిగిందో సగం అర్థమవుతుంది: మనకు పైవాడితో చెప్పడం కష్టం, ఒక సంగతి తేలకుండా వేలాడుతున్నా రాత్రికి మనకు నిద్ర పడుతుంది, వాళ్లకు పట్టదు. కానీ అది దేశం మొత్తం సగటు, అదీ ఒక్క కంపెనీ జనం నుంచి తీసింది. అల్లూరు రైతు కొడుకు, చెన్నై నుంచి వచ్చిన క్వాలిటీ మేనేజర్, ఒడిశా నుంచి వచ్చి పీలింగ్ (రొయ్య పొట్టు తీసే పని) చేసే అమ్మాయి, ముగ్గురూ 77 కారు. కాల్‌లో ఉన్న మనిషిని వదిలేసి స్కోరుతో మాట్లాడొద్దు.

ఇక జపాన్ వాళ్లు. వాళ్లకు చెడు వార్త తొందరగా కావాలి, ఒట్టి వార్త మాత్రం చాలదు. ఏ లాట్ (ఏ విడత సరుకు), ఏ చెరువు, ఏ రోజు పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టింది), ఎందుకు జరిగింది, మళ్లీ జరక్కుండా ఏం చేస్తున్నారు, ఇవన్నీ ఉండాలి. కారణం ఇంకా తెలియకపోతే "ఇంకా తెలియలేదు, శుక్రవారానికి ల్యాబ్ రిపోర్ట్ వస్తుంది" అని రాయి, శుక్రవారానికి రిపోర్ట్ రాకపోయినా సరే శుక్రవారం మెయిల్ మాత్రం వెళ్లాలి. 2012లో ఎథాక్సీక్విన్ గొడవ జరిగింది, నువ్వప్పుడు స్కూల్లో ఉండుంటావు. రొయ్యల మేతలో వాడే చేపపొడి పాడవకుండా కలిపే యాంటీ ఆక్సిడెంట్ అది. రొయ్యల్లో దానికి జపాన్‌లో అప్పట్లో విడిగా పరిమితి లేదు, అందుకని పరిమితి పెట్టని వాటన్నిటికీ వర్తించే 0.01 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లన్న కొలత) లెక్కతో పరీక్షించారు, మన సరుకులో అది బయటపడింది. మన వైపు చాలామంది "మేం కలపలేదు, మేతలో వచ్చింది, మా తప్పేముంది" అని ఒకటే వాదన. తప్పెవరిదని వాళ్లు అడగనే లేదు. ఎలా వచ్చింది, పట్టుబడికి ఎన్నాళ్ల ముందు ఆ మేత ఆపితే పోతుంది, చెరువు దగ్గర అది చూసేదెవరు అని అడిగారు. నేనెరిగిన ప్లాంట్లలో ఈ ప్రశ్నలకు కాగితాలతో జవాబిచ్చినవాళ్లు బయ్యర్లను నిలబెట్టుకున్నారు, కోపం తెచ్చుకున్నవాళ్లకు మెయిల్స్ రావడం ఆగిపోయింది. 2014లో జపాన్ ఆ పరిమితిని 0.2 పీపీఎంకి సడలించింది కూడా, కానీ పోయిన నమ్మకం సడలింపుతో తిరిగి రాలేదు.

ఇంకో సంగతి, మీటింగ్‌లో కొత్త విషయం బయటపెట్టొద్దు. వాళ్ల దగ్గర ఏ నిర్ణయమైనా ముందే ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడి కుదుర్చుకుంటారు, మీటింగ్ జరిగేది కుదిరినదాన్ని ఖాయం చేసుకోవడానికి. ధర మార్పుంటే నాలుగు రోజుల ముందే వాళ్ల కింది స్థాయి మనిషికి చెప్పు, ఆయన పైవాళ్లకు చేరుస్తాడు. నువ్వు ధర చెప్పాక అవతల మౌనంగా ఉంటే కంగారుపడి తగ్గించొద్దు, ఆలోచిస్తున్నాడంతే.

నెదర్లాండ్స్ వాళ్లు మొహం మీదే చెప్తారు. మీ గ్లేజింగ్ (రొయ్య మీది ఐసు పొర) ఎక్కువుంది, నెట్ వెయిట్ తక్కువొచ్చింది, మాకు నచ్చలేదు అని పదిమంది ఉన్న కాల్‌లో అనేస్తారు. మన ఓనర్లకు అది అవమానంలా తగులుతుంది, వాళ్లకు మాత్రం సరుకు వేరు, మనిషి వేరు, సాయంత్రం భోజనానికి నవ్వుతూ వస్తారు. ఇది ఓనర్‌కి ముందే చెప్పి ఉంచు. యూరప్‌కి పంపేటప్పుడు ఇంకోటి మర్చిపోవద్దు: మన రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు పదేపదే బయటపడటంతో 2016లో అక్కడ పోర్టుల్లో శాంపిల్ తీసే కన్‌సైన్‌మెంట్లను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఎవరో కొందరు దాచి పంపినదానికి దేశం మొత్తం ఎగుమతిదారులు డెమరేజ్ (పోర్టులో కంటైనర్ ఆగినందుకు పడే ఖర్చు) కట్టుకుంటూ వచ్చారు. చెరువు దగ్గర శాంపిల్‌లో తేడా వస్తే ఆ లాట్ కొనకుండా ఆగడం ఒక్కటే దారి, రైతు మనకు తెలిసినవాడైనా, బంధువైనా. అక్కడ మొహమాటపడితే ఆ ఖర్చు ఊరంతా మోస్తుంది.

అమెరికా వాళ్లతో పని ఒక రకంగా తేలిక. చెడు కబురుతో పాటు రెండు దారులు చూపించు, ఒక్కోదానికి ఎంత ఖర్చో, ఏ తేదీకి అవుతుందో రాయి, చాలు. సూపర్‌మార్కెట్‌లో ఆఫర్ తేదీ ముందే ప్రింటయి ఉంటుంది, ఆ వారం దాటాక చేరిన కంటైనర్ వాళ్లకు భారం, అందుకే మనం మాటవరసకి అన్న తేదీని కూడా వాళ్లు కాంట్రాక్ట్‌లాగా తీసుకుంటారు. తెలియకపోతే తేదీ చెప్పకు. కౌంట్ కూడా ప్రతిసారీ విడమర్చి రాయి, మన రైతు తలతో కిలోకి ఎన్ని అని లెక్కేస్తాడు, వాళ్లు తల తీసినవి పౌండుకి ఎన్ని అని చూస్తారు.

చైనా వాళ్ల సంగతి రొయ్యల కన్నా గ్రానైట్‌లోనే నాకు బాగా తెలుసు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, ఆ నల్లరాతిలో బంగారు చుక్కలు చూసే ప్రపంచం మొత్తం కొంటుంది. క్వారీ యార్డ్‌లో బయ్యర్ తరఫు ఇన్‌స్పెక్టర్ బ్లాక్ మీద నీళ్లు పోయిస్తాడు, పోసి వెంటనే చూడడు, ఆరేదాకా నిలబడతాడు. రాయి ఆరిపోతుంటే సన్నటి పగులున్న చోట తడి ఒక గీతలా మిగిలిపోతుంది. ఆ గీత కనపడగానే కొలతలో ఎంత కొయ్యాలన్న బేరం మొదలవుతుంది. చాలా యార్డుల్లో ఆ గీత ఆయన కంట పడకూడదని పగులు వైపు ఇంకో బ్లాక్‌కి ఆనించి పెడతారు. మా బావ ఇన్‌స్పెక్టర్ రాకముందే తనే నీళ్లు పోయించి పగులు చుట్టూ చాక్‌పీస్‌తో గీస్తాడు. ఆ బ్లాక్ మీద కోత పడుతుంది, ఒప్పుకుంటాడు. మిగతా బ్లాకుల దగ్గర మాత్రం ఇన్‌స్పెక్టర్ గబగబా పెయింట్ మార్క్ వేసుకుంటూ వెళ్లిపోతాడు. ఇంకో జాగ్రత్త ఉంది. వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఉద్యోగి, అతని ఓనర్ షియామెన్‌లో ఉంటాడు, ఒక్కోసారి అతనూ వస్తాడు. ఇన్‌స్పెక్టర్ టేపు కొలతలో తప్పు దొర్లితే ఓనర్ ముందు ఎత్తిచూపకూడదు. షెడ్‌లో టీ తాగుతూ పక్కకు పిలిచి "ఆ బ్లాక్ ఇంకోసారి కలిసి కొలుద్దామా" అంటే అతనే సరిచేసుకుంటాడు. మన ఊళ్లో పెద్దమనిషి తప్పు చెప్పే పద్ధతే ఇది, అందుకే ఈ విషయంలో వాళ్లతో మనకు ఇట్టే కలుస్తుంది. లెక్కల్లో మాత్రం ఇద్దరూ గట్టివాళ్లే.

సెలవుల సంగతి ఒక్క మాట. చైనా కొత్త సంవత్సరానికి అక్కడ ఫ్యాక్టరీలు వారాల తరబడి ఆగుతాయి, జపాన్‌లో ఏప్రిల్ చివర, ఆగస్టు మధ్యలో వారం అటూఇటూ ఆగుతాయి, ఇటలీలో ఆగస్టులో చాలావరకు ఆగుతాయి. మన సంక్రాంతికి పీలింగ్‌కి మనుషులు దొరకరని వాళ్లకూ డిసెంబర్‌లోనే రాసి పెట్టు.

ఇదే తేడా తిరగేసి చూడాలంటే విదేశీ కంపెనీల ఫ్యాక్టరీలున్న తడ, మాంబట్టు, శ్రీసిటీ వైపు వెళ్లు, అక్కడ పైన విదేశీ మేనేజర్, కింద మన నాయుడుపేట, సూళ్లూరుపేట పిల్లలు. అమ్మమ్మ పెద్దకర్మకి సెలవడిగితే అబద్ధమనుకునే మేనేజర్లున్నారు. అందరి ముందు అరిస్తే ఆ అమ్మాయి మర్నాటి నుంచి రాదు, ఎందుకు రాలేదో ఫోన్ చేసి చెప్పదు కూడా. మధ్యలో ఇంటర్‌ప్రెటర్ ఇంకో సమస్య. చాలామంది ఇంటర్‌ప్రెటర్లు మంచివాళ్లు, అందుకే రెండు వైపులా మాట మెత్తబరుస్తారు, మేనేజర్ "ఇది రేపటికి కాకపోతే ఆర్డర్ పోతుంది" అంటే ఇటు "కొంచెం తొందరగా చూడమంటున్నారు" అని వస్తుంది. కోపం ఆగడం మంచిదే, దాంతో పాటు తొందర కూడా ఆగిపోతుంది. అందుకే ఇంటర్‌ప్రెటర్ ఉన్న ప్రతి మీటింగ్ తర్వాత తేదీలు, అంకెలు ఒక కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించాలి. మీ ఆడిట్‌లో కూడా అంతే చెయ్యి.

ఆడిట్ లోపు నువ్వు చెయ్యాల్సింది, ముందు మీ ఓనర్‌తో మాట్లాడు, మేనేజర్‌ని పక్కన పెట్టుకునే, ఆయన్ని దాటి వెళ్లావన్న మాట రాకూడదు. రోజూ షిఫ్ట్ మొదట్లో ఐదు నిమిషాలు నిలబడి నిన్న ఏం తేడా జరిగిందో చెప్పించమను, మొదటి వారం మేనేజరే తన వైపు తేడాలు చెప్పాలి, లేకపోతే కిందివాళ్లు నోరు విప్పరు. లైన్ ఆపినవాళ్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు, ఆపింది అనవసరమైనా సరే. ఇందులో ఓనర్ గట్టిగా ఉండకపోతే మిగతాదంతా దండగ. ప్యాకింగ్ హాల్లో అమ్మాయిలతో సమాధానాలు బట్టీ పట్టించొద్దు, ఆడిటర్లు అది ఒక్క నిమిషంలో పట్టేస్తారు. ఒక లేడీ సూపర్‌వైజర్‌ని పెట్టి, రోజూ మెషిన్ దగ్గర "ఇప్పుడు మోగలేదనుకో, ఏం చేస్తావ్" అని అడిగిస్తూ నిజంగా లైన్ ఆపించమను, ఆపి చూసిన చెయ్యి భయపడదు. ఆడిట్ రోజున పనివాళ్లను అడిగిన ప్రశ్నకు నువ్వు గానీ మేనేజర్ గానీ జవాబివ్వొద్దు, ఎంతసేపు మౌనంగా ఉన్నా సరే. ఈ ఏడాది జరిగిన తేడాలన్నీ కారణం, దిద్దుబాటు, తేదీలతో ఒక ఫైల్‌గా పెట్టి, ఆడిటర్ అడక్కముందే మీరే ఇవ్వండి. ఓనర్ ఒప్పుకోడని నాకు తెలుసు, ఒక్క తేడా కూడా లేని ఫైల్‌ని ఏ ఆడిటరూ నమ్మడని ఆయనకు చెప్పు.

జపనీస్ నేర్చుకోవడం మంచిదే, జేఎల్‌పీటీ (జపనీస్ భాష పరీక్ష) చెన్నైలో రాయొచ్చు, మొదటి రెండు లెవెల్స్ ఉద్యోగం చేసుకుంటూనే అవుతాయి. ఈ నెల మాత్రం ఆ పుస్తకాలు పక్కన పెట్టి సాయంత్రాలు ప్యాకింగ్ హాల్లో గడుపు. ఆడిట్ అయ్యాక రిపోర్ట్‌లో ఏం రాశారో కంపెనీ పేర్లు తీసేసి నాకు పంపు, కరెక్టివ్ యాక్షన్ (దిద్దుబాటు) జవాబు ఎలా రాయాలో కలిసి చూద్దాం.